జర్మనీ నర్సు జాబ్: వీసా వచ్చాకే అసలు పరీక్ష.. 'కల్చర్ గ్యాప్' పూడ్చాల్సింది ఎవరు?

బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో రెండేళ్ల అనుభవం ఉంది. ఉద్యోగం మానేసి, హాస్టల్‌లో ఉండి జర్మన్ నేర్చుకుంది. బీ1 పాసైంది, ఆ తర్వాత బీ2. వీసా వచ్చింది, ఫ్లైట్ ఎక్కింది. తీరా వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజు అప్పగించిన పని.. ఓ పెద్దాయనకు స్నానం చేయించి, బట్టలు మార్చి, టిఫిన్ తినిపించడం. 'నేను నాలుగేళ్లు చదివింది దీనికా?' అనే ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి జర్మనీ వెళ్లే నర్సుల్లో చాలామంది ముందు నిలబడే సీన్ ఇది. అటు ఆస్పత్రి వాళ్లేమో 'మంచి నర్సే, కానీ మా కల్చర్‌కు అడ్జస్ట్ కాలేకపోయింది' అంటారు. ఇటు వెళ్లినవాళ్లేమో 'అక్కడ మనల్ని నర్సుల్లా చూడరు' అంటారు. మరి తప్పు ఎవరిది? అసలిది కల్చర్ సమస్యేనా? లేక ముందే చెప్పాల్సిన మాట చెప్పకపోవడమా?

ఎందుకీ పిలుపు?

జర్మనీలో జనాభా వేగంగా ముసలిదవుతోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద సంఖ్యలో పుట్టిన తరం ఇప్పుడు రిటైర్ అవుతోంది. 2049 నాటికి కేర్ రంగంలో 2 లక్షల 80 వేల నుంచి 6 లక్షల 90 వేల మంది వరకు సిబ్బంది కొరత రావచ్చని ఆ దేశ గణాంక కార్యాలయం 2024లో అంచనా వేసింది. సొంత పిల్లలతో ఈ ఖాళీలు నిండవని అక్కడి ప్రభుత్వానికి అర్థమైపోయింది.

అందుకే వరుసగా తలుపులు తెరిచింది. 2020 మార్చిలో నైపుణ్య వలస చట్టం వచ్చింది. 2022 డిసెంబర్‌లో భారత్‌తో వలస, మొబిలిటీ ఒప్పందం కుదిరింది. 2023 నవంబర్ నుంచి ఆ చట్టాన్ని దశలవారీగా సడలించారు. 2024 అక్టోబర్‌లో అప్పటి ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ ఢిల్లీ వచ్చినప్పుడు, భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతున్నట్టు ప్రకటన వచ్చింది.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో నేరుగా లింక్ ఉంది. తెలంగాణలో ప్రభుత్వ రంగ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడికి పంపిస్తోంది. ఏపీలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కూడా జర్మన్ ట్రైనింగ్ వైపు అడుగులేసింది. వీటికి తోడు అమీర్‌పేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ వరకు ప్రైవేట్ జర్మన్ కోచింగ్ బోర్డులు ఉండనే ఉన్నాయి.

లెక్కలన్నీ వీసాల గురించే. వెళ్లినవాళ్లు అక్కడ నిలబడటం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అసలు చిక్కు ఇక్కడే.

స్నానం చేయించడం ఎవరి పని?

మన ఆస్పత్రుల్లో పేషెంట్ పక్కన ఎవరుంటారు? అమ్మో, భార్యో, కొడుకో. 'అటెండెంట్' అనే పాస్ ఇచ్చి మరీ ఉంచుతారు. ఒళ్లు తుడవడం, తినిపించడం, బాత్రూమ్‌కు తీసుకెళ్లడం ఇంటివాళ్లో ఆయాలో చూసుకుంటారు. నర్సు పని ఇంజెక్షన్, ఐవీ, మందులు, మానిటర్, డాక్టర్ రౌండ్స్. స్టాఫ్ నర్సు హోదా కూడా ఆ పనుల్లోంచే వస్తుంది.

జర్మనీలో పేషెంట్ పక్కన రాత్రంతా కూర్చునే చుట్టాలు ఉండరు. శరీర శుభ్రత, తినిపించడం, పక్క మీద పొజిషన్ మార్చడం నర్సింగ్‌లో మూలమైన పని. దాన్ని అక్కడ చిన్న పనిగా చూడరు. స్నానం చేయించేటప్పుడే చర్మం మీద పుండ్లు పడుతున్నాయా, మనిషి అయోమయంగా ఉన్నాడా, నిన్నటికంటే బలహీనపడ్డాడా అని గమనించడం నర్సు నైపుణ్యం కిందే లెక్క. మరోవైపు మన నర్సులు రోజూ చేసే రక్తం తీయడం, ఐవీ లైన్ పెట్టడం లాంటివి అక్కడ చాలా ఆస్పత్రుల్లో డాక్టర్ల చేతుల్లోనే ఉంటాయి.

చదువు తేడా కూడా ఉంది. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. అక్కడ ఎక్కువమంది నర్సులు మూడేళ్ల వృత్తి శిక్షణ ద్వారా వచ్చినవాళ్లు. అంటే డిగ్రీ ఉన్న మన నర్సు, డిగ్రీ లేని సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి. ఒకరికి 'ఇంత చదివి ఇదా' అనిపిస్తుంది, ఇంకొకరికి 'పేషెంట్‌ను ముట్టుకోవడానికి ఈమెకు నామోషీ' అనిపిస్తుంది. నిజానికి ఇద్దరిదీ తప్పు కాదు. నర్సు అనే మాటకు ఇద్దరి దగ్గరా వేర్వేరు అర్థాలున్నాయి, అంతే.

ఈ తేడాను ఇంటర్వ్యూలోనే చెబితే సగం గొడవ పోతుంది. చెప్పకుండా తీసుకెళ్లి, తర్వాత దానికి 'కల్చర్ షాక్' అని పేరు పెట్టడం మాత్రం సరికాదు. అది రిక్రూట్‌మెంట్‌లో జరిగిన లోపం.

రికగ్నిషన్ వచ్చేదాకా అసిస్టెంటే

ఇంకో విషయం. మన డిగ్రీకి అక్కడ వెంటనే గుర్తింపు రాదు. సిలబస్‌ను పోల్చి చూస్తారు. తేడాలుంటే అడాప్టేషన్ కోర్సు చేయాలి, లేదా పరీక్ష రాయాలి. ఆ గుర్తింపు వచ్చేవరకు చాలామంది నర్సింగ్ అసిస్టెంట్‌గానే పనిచేస్తారు, జీతం కూడా ఆ మేరకు తక్కువే. ఫుల్ నర్సు జీతం లెక్కేసుకుని ఇంట్లో అప్పు చేసినవాళ్లకు ఈ నెలలు చాలా భారంగా గడుస్తాయి. వార్డులో ముభావంగా ఉన్న నర్సును చూసి 'కలవడం లేదు' అనుకునే మేనేజర్‌కు, ఆమె బుర్రలో తిరుగుతున్నది ఈఎంఐ అని తెలియకపోవచ్చు.

'ఆ.. అర్థమైంది సార్'

భాషకంటే ప్రమాదకరమైన తేడా ఒకటుంది. మన దగ్గర డాక్టరో సీనియర్ సిస్టరో ఏదైనా చెప్పి 'అర్థమైందా?' అంటే, వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ 'ఆ.. అర్థమైంది'. అర్థం కాకపోయినా సరే. పెద్దవాళ్లను మళ్లీ అడిగితే విసుక్కుంటారని భయం. తర్వాత పక్కనున్న ఫ్రెండ్‌ను అడిగి తెలుసుకోవచ్చులే అనే ధైర్యం.

జర్మన్ వార్డులో 'యా' అంటే అవును, అంతే. అర్థమైందని నమ్మి అవతలి మనిషి వెళ్లిపోతాడు. మందు డోసులో తేడా వచ్చిందో, అది పేషెంట్ ప్రాణం మీదకు వస్తుంది. ఆ తర్వాత నర్సు మీద పడే ముద్ర 'భాష రాదు' అని కాదు, 'నమ్మలేం' అని. మొదటిది కోర్సుతో పోతుంది. రెండోది పోగొట్టుకోవడం చాలా కష్టం.

దీనికి పరిష్కారం ఖర్చులేనిది. 'అర్థమైందా?' అని అడగడం మానేసి, 'ఇప్పుడు మీరు ఏం చేస్తారో ఒకసారి చెప్పండి' అని అడగాలి. చెప్పగలిగితే అర్థమైనట్టు, లేకపోతే లేదు. దీనివల్ల కొత్త నర్సు పరువూ పోదు, పేషెంట్‌కూ ముప్పు ఉండదు. వార్డు ఇన్‌చార్జ్‌లకు ఈ ఒక్క అలవాటు నేర్పినా, మన నర్సులకు పది గంటల 'జర్మన్ కల్చర్' క్లాస్ చెప్పడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

తప్పు అని మొహం మీదే చెబితే..

అక్కడ ఫీడ్‌బ్యాక్ సూటిగా ఉంటుంది. 'ఇది తప్పు, ఇలా చేయకూడదు' అని అందరి ముందే చెప్పేస్తారు. ఐదు నిమిషాల తర్వాత అదే మనిషి కాఫీకి పిలుస్తాడు. వాళ్ల దృష్టిలో అది పని గురించి అన్న మాట, మనిషి గురించి కాదు. మన దగ్గర నలుగురి ముందు అలా అంటే ఇంటికెళ్లి రాత్రంతా ఏడుస్తాం, మర్నాడు మాట్లాడటం మానేస్తాం.

రివర్స్‌లోనూ ఇంతే. మనం 'చూద్దాం సిస్టర్', 'ట్రై చేస్తా' అంటే అది మర్యాదగా చెప్పిన 'కుదరదు'. జర్మన్ కొలీగ్‌కు అది 'వస్తాను' అన్నట్టే. ఎక్స్‌ట్రా షిఫ్ట్‌కు వస్తుందని లిస్టులో పేరు రాసేస్తారు. రాకపోతే 'మాట మీద నిలబడదు' అనుకుంటారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక అనుకూలత కూడా ఉంది. ఇంగ్లిష్‌లో లేని 'నువ్వు', 'మీరు' తేడా జర్మన్‌లో ఉంది. 'డూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. పేషెంట్‌ను, కొత్తవాళ్లను 'మీరు' అనే పిలవాలి. కొలీగ్స్ కొన్నాళ్లకు వాళ్లంతట వాళ్లే 'నువ్వు అనొచ్చు' అంటారు. అయితే ఒక చిన్న మెలిక. మనం ముసలివాళ్లను ఆప్యాయంగా 'తాతా', 'అమ్మమ్మా' అంటాం. అక్కడ పేషెంట్‌ను అలా పిలిస్తే అగౌరవం. ఇంటిపేరుతోనే పిలవాలి.

బీ2 పాసైనా పేషెంట్ మాట అర్థం కాదు

పేపర్ తెలుగు నేర్చుకున్న ఉత్తరాది డాక్టర్‌ను తీసుకెళ్లి శ్రీకాకుళం పల్లెలోనో, ఆదిలాబాద్ తండా పక్క పీహెచ్‌సీలోనో వేస్తే ఎలా ఉంటుంది? జర్మనీలో మన నర్సుల పరిస్థితి కూడా అదే. క్లాసులో నేర్చుకునేది స్టాండర్డ్ జర్మన్. వార్డులో వినిపించేది బవేరియా యాస, సాక్సనీ యాస. పైగా పళ్ల సెట్టు తీసేసిన 85 ఏళ్ల పెద్దావిడ గొంతులో. ఫోన్‌లో అయితే ఇంకా కష్టం.

సర్టిఫికెట్ ఉంది కాబట్టి భాష వచ్చేసినట్టే అని ఆస్పత్రి అనుకుంటే పొరపాటు. తొలి నెలల్లో డ్యూటీ టైమ్‌లోనే భాష క్లాస్ పెట్టాలి. నైట్ షిఫ్ట్ ముగించుకుని సొంత ఖర్చుతో క్లాసుకు వెళ్లమంటే ఎవరు నిలబడతారు?

ఇంకోవైపు, మనవాళ్లు నలుగురు కలిస్తే స్టాఫ్‌రూమ్‌లో తెలుగో, మలయాళమో మొదలవుతుంది. పక్కనున్నవాళ్లకు అది తమ గురించే అనిపిస్తుంది. వినడానికి చిన్న విషయంలా ఉన్నా, టీమ్‌లో దూరం పెరిగేది ఇలాంటి చోటే.

పండగ, జ్వరం.. రెండింటికీ లెక్క వేరే

సెలవుల ప్లాన్ అక్కడ చాలా ముందే తయారవుతుంది. సంక్రాంతికి రెండు వారాల ముందు 'ఊరికి వెళ్లాలి' అంటే కుదరదు. కొన్ని టీమ్‌లు ఒక సులువు ఆలోచిస్తాయి. భారతీయులకు క్రిస్మస్ డ్యూటీ వేసి, వాళ్ల పండగకు లీవ్ ఇచ్చేద్దాం అని. వినడానికి బాగుంది. కానీ మన నర్సుల్లో క్రైస్తవులూ గణనీయంగా ఉన్నారు, వాళ్లకు క్రిస్మసే పెద్ద పండగ. దేశం పేరు చూసి నిర్ణయించకుండా మనిషిని అడిగి తెలుసుకోవడమే పద్ధతి.

జ్వరం వస్తే మనవాళ్లు మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్తారు. ఇక్కడ దాన్ని నిబద్ధత అంటారు. అక్కడ పేషెంట్లకు ఇన్ఫెక్షన్ అంటిస్తున్నారని మండిపడతారు. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటితే, జబ్బు చేసినప్పుడు ఆరు వారాల వరకు జీతం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే. ఇది చట్టం. ఈ సంగతి తెలియకే చాలామంది లీవ్ అడగడానికి భయపడతారు.

'ఈ నర్సు నాకొద్దు' అంటే?

మాట్లాడటానికి అందరూ ఇబ్బంది పడే విషయం ఇది. రంగు చూసి 'జర్మన్ నర్సును పంపండి' అనే పేషెంట్లు ఉంటారు. అలాంటప్పుడు 'పెద్దాయన కదా, పట్టించుకోకు' అని సర్దిచెప్పి డ్యూటీ మార్చేస్తే, సమస్య తీరినట్టు కనిపిస్తుంది. కానీ ఆ నర్సుకు అందే సందేశం వేరు.. 'నీ వెనక ఎవరూ లేరు' అని.

జర్మనీలో 2006 నుంచి వివక్ష నిరోధక చట్టం ఉంది. సిబ్బందిని వివక్ష నుంచి కాపాడాల్సిన బాధ్యత యజమానిపై ఉందని, బయటివాళ్ల నుంచి ఎదురయ్యే వివక్షకూ అది వర్తిస్తుందని ఆ చట్టం చెబుతోంది. కాబట్టి దీన్ని 'కల్చర్ తేడా' ఖాతాలో వేయడానికి వీల్లేదు. వివక్షను అలవాటు చేసుకోమని ఎవరికీ ట్రైనింగ్ ఇవ్వకూడదు.

1961లో చేసిన తప్పు

ఈ దేశానికి ఇది మొదటి అనుభవం కాదు. 1961లో అప్పటి పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకు కార్మికులను రప్పించింది. వాళ్లను 'అతిథి కార్మికులు' అంది. అతిథి అంటే కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాడు. అందుకే భాష నేర్పించాలని గానీ, పిల్లల చదువు చూడాలని గానీ పెద్దగా ఆలోచించలేదు. 1973లో రిక్రూట్‌మెంట్ ఆపేశారు. కానీ లక్షల మంది అక్కడే స్థిరపడ్డారు, కుటుంబాలను తెచ్చుకున్నారు. దేశవ్యాప్తంగా భాషతో కూడిన ఇంటిగ్రేషన్ కోర్సులు చట్టబద్ధంగా వచ్చింది 2005లో. అంటే నాలుగు దశాబ్దాలకు పైగా ఆలస్యం.

అదే 1960ల్లో కేరళ నుంచి క్యాథలిక్ చర్చి ద్వారా వందల మంది యువతులు నర్సింగ్ కోసం జర్మనీ వెళ్లారు. చాలామంది అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. తోడుగా చర్చి ఉండటం, తమ ఊరివాళ్లు ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. మనిషి నిలబడటానికి జీతం ఒక్కటే చాలదని అప్పుడే తేలింది.

జపాన్ వెళ్తే రూల్ రివర్స్

'ఫారిన్ కల్చర్ ట్రైనింగ్' పేరుతో అందరికీ ఒకే పీపీటీ చూపించే సంస్థలు గమనించాల్సిన విషయం ఇది. జర్మనీలో కుదరకపోతే సూటిగా 'కుదరదు' అనాలి. జపాన్‌లో అలా అంటే మొరటుతనం. అక్కడ మొహం చూసి, సందర్భం చూసి అర్థం చేసుకోవాలి. 'హోరెన్సో' అనే పద్ధతి ఉంటుంది.. జరిగింది పైవాళ్లకు చెప్పడం, సంబంధించినవాళ్లకు సమాచారం ఇవ్వడం, నిర్ణయానికి ముందు సలహా అడగడం. మన దగ్గర సొంతంగా సమస్య తీర్చేసినవాణ్ని తెలివైనవాడంటారు. అక్కడ చెప్పకుండా చేసినందుకు తిడతారు.

2025 ఆగస్టులో భారత్, జపాన్ ఒక లక్ష్యం పెట్టుకున్నాయి. ఐదేళ్లలో రెండు వైపులా కలిపి 5 లక్షల మంది రాకపోకలు, అందులో భారత్ నుంచి 50 వేల మంది నిపుణులు. అంటే ఈ సమస్య జర్మనీతో ఆగేది కాదు.

పిలిచేవాళ్లు చేయాల్సింది ఏంటి?

ఇప్పటివరకు జరుగుతున్నది వన్ వే ట్రాఫిక్. వెళ్లే నర్సుకే క్లాసులు. ఆమెతో రోజూ పనిచేసే టీమ్‌కు ఏమీ చెప్పరు. కొత్తవాళ్లు వస్తున్నారంటే, ఇప్పటికే మనుషులు తక్కువైన టీమ్‌కు మరో భారం అనిపించడం సహజం. నేర్పించే టైమ్ కూడా వాళ్ల షిఫ్ట్‌లోంచే పోవాలి కదా. అందుకే మార్పు రెండు వైపులా రావాలి.

- ఇంటర్వ్యూలో 'మీ వీక్‌నెస్ ఏంటి?' లాంటి ప్రశ్నలకంటే 'పేషెంట్ మందు వద్దంటే ఏం చేస్తారు?' లాంటి సందర్భం ఇచ్చి అడగడం మేలు. తల వంచుకుని మాట్లాడటాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడంగా చూడకూడదు.
- ఒక మామూలు షిఫ్ట్ ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎలా ఉంటుందో వీడియో తీసి, ఒప్పందంపై సంతకానికి ముందే చూపించాలి.
- ప్రతి కొత్త నర్సుకు ఒక గైడ్ ఉండాలి. ఆ గైడ్‌కు అందుకు డ్యూటీ టైమ్‌లో వెసులుబాటు ఇవ్వాలి.
- ఇల్లు, బ్యాంక్ అకౌంట్, అడ్రస్ రిజిస్ట్రేషన్ పనుల్లో తోడుండాలి. అద్దె ఇల్లు దొరకనివాళ్లకు కల్చర్ క్లాస్ చెబితే తలకెక్కదు.
- ప్రొబేషన్ సాధారణంగా ఆరు నెలల వరకు ఉంటుంది. ఈలోపు నెలనెలా కూర్చుని మాట్లాడాలి. చివరి వారంలో 'సరిపోలేదు' అని చెప్పడం అన్యాయం.

వెళ్లేవాళ్లు అడగాల్సినవి

మన దగ్గర ఆఫర్ లెటర్ వచ్చిందంటే స్వీట్లు పంచేస్తాం, కాంట్రాక్ట్ చదవం. కానీ అందులో కొన్నింటిని పట్టి పట్టి చూడాలి. రికగ్నిషన్‌కు ముందు జీతం ఎంత, తర్వాత ఎంత? పోస్టింగ్ ఆస్పత్రిలోనా, వృద్ధుల కేర్ హోమ్‌లోనా? మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు వెనక్కి కట్టాలనే షరతు ఉందా? భాషా పరీక్ష ఫెయిలైతే రెండో అవకాశం ఉందా?

కేర్ హోమ్ అయితే మనసు కూడా సిద్ధం చేసుకోవాలి. తల్లిదండ్రులను హోమ్‌లో ఉంచడం మన దృష్టిలో తప్పు. అక్కడ చాలా కుటుంబాలకు అది బాధ్యత తీర్చుకునే పద్ధతి. వారానికోసారి వచ్చే కొడుకును మనసులో తిట్టుకుంటూ పనిచేస్తే, అది మొహంలో కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ లైసెన్స్ ఉండాలి. మన నిబంధనల ప్రకారం సర్వీస్ ఛార్జీ రూ.30 వేలు, దానిపై జీఎస్‌టీ దాటకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ పేరు ఉందో లేదో చెక్ చేసుకోవచ్చు. జర్మనీలో అయితే కేర్ రంగంలో న్యాయమైన నియామకాలకు ప్రభుత్వ గుర్తింపు ముద్రే ఉంది. ఆ ముద్ర ఉన్న సంస్థలు రిక్రూట్‌మెంట్ ఖర్చును నర్సు నుంచి కాకుండా యజమాని నుంచే తీసుకోవాలి. లక్షలు అడిగే కన్సల్టెన్సీలను ఈ ఒక్క ప్రశ్నతో పట్టేయొచ్చు.. 'ఖర్చు ఆస్పత్రి పెట్టుకోవాలి కదా, నన్నెందుకు అడుగుతున్నారు?'

అక్కడికి వెళ్లాక సమస్య వస్తే 'ఫేర్ ఇంటిగ్రేషన్' అనే కౌన్సెలింగ్ కేంద్రాలున్నాయి. సలహా ఉచితం. విదేశాల నుంచి నియమించుకున్న ఉద్యోగికి ఈ సదుపాయం గురించి మొదటి పనిదినానికల్లా రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన 2026 జనవరి 1 నుంచి యజమానులపై ఉంది.

చివరికి తేలేదేంటంటే..

'కల్చర్ డిఫరెన్స్' అనే మాట చాలా సౌకర్యమైనది. జీతం గురించి చెప్పకపోయినా, పని గురించి దాచినా, వివక్షను చూసీ చూడనట్టు వదిలేసినా.. అన్నీ ఈ ఒక్క మాట కింద సర్దేయొచ్చు. అందుకే ఎవరైనా ఆ మాట అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి అడగాలి. ఇది నిజంగా అలవాట్ల తేడానా? లేక ముందే చెప్పాల్సింది చెప్పలేదా?

అలవాట్ల తేడా అయితే ఆరు నెలల్లో రెండు వైపులా నేర్చుకుంటారు. నిజం దాచడం వల్ల వచ్చిన సమస్య మాత్రం ఏ ట్రైనింగ్‌తోనూ పోదు. ఏడాదికి 90 వేల వీసాలు ఇస్తామని జర్మనీ చెప్పింది. వాటిలో ఎంతమంది ఐదేళ్ల తర్వాత కూడా అదే వార్డులో నవ్వుతూ పనిచేస్తున్నారన్నదే అసలైన లెక్క. ఆ లెక్క తేలేది ఎంబసీ కౌంటర్ దగ్గర కాదు. మొదటి రోజు షిఫ్ట్‌లో, ఆ పెద్దాయన మంచం పక్కన.